క్యాప్షన్ చెప్పే వెబ్ యాప్: మోడల్ బ్రౌజర్‌లో మేలా, సర్వర్‌లో మేలా?

ఫొటో ఇస్తే ఒక్క వాక్యంలో క్యాప్షన్ చెప్పే చిన్న యాప్‌కి స్క్రీన్ తయారుచేయడం ఒక పూట పని. తేల్చుకోవాల్సింది ఫొటో చూసి వాక్యం రాసే ఏఐ మోడల్ ఎక్కడ నడవాలన్నదే. వచ్చినవాళ్లు ఒక్క ఫొటో చూసుకుని వెళ్లిపోతారా, వరసగా ఇస్తూ పోతారా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

బ్రౌజర్‌లో నడపడానికి ట్రాన్స్‌ఫార్మర్స్ జేఎస్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది. అందులో నడిచే విట్-జీపీటీ2 మోడల్‌కి సుమారు 24 కోట్ల పారామీటర్లు, అంటే మోడల్ నేర్చుకుని దాచుకున్న సంఖ్యలు. 8 బిట్లకు కుదిస్తే పారామీటర్‌కి ఒక బైటు, అంటే దాదాపు 240 ఎంబీ. ఒక్క ఫొటో కోసం మొబైల్ డేటా మీద అంత దించుకోమనడం అన్యాయం. పదేపదే వాడేవాళ్లకు మాత్రం లాభమే: ఫైళ్లు బ్రౌజర్ క్యాషేలో ఉండిపోతాయి, ఫొటో వాళ్ల ఫోన్ దాటదు, మీకు సర్వర్ ఖర్చు లేదు.

అయితే మోడల్‌ని పేజీని నడిపే మెయిన్ థ్రెడ్‌లోనే నడిపితే క్యాప్షన్ వచ్చేదాకా పేజీ బిగుసుకుపోతుంది, బటన్లు పలకవు. వెనకాల విడిగా నడిచే వెబ్ వర్కర్‌లో పెట్టండి. ఇంకో చిక్కు కనపడకుండా ఉంటుంది. వెబ్‌జీపీయూ (బ్రౌజర్ నుంచి గ్రాఫిక్స్ చిప్‌ని వాడే దారి) వాడలేని చోట పని వాస్మ్ మీద, అంటే మామూలు ప్రాసెసర్ మీద నడిచే వెబ్‌అసెంబ్లీ మీద పడుతుంది. అది ఒకటికి మించి థ్రెడ్లు వాడాలంటే పేజీతోపాటు సీఓఓపీ, సీఓఈపీ హెడర్లు (పేజీని మిగతా సైట్ల నుంచి విడిగా ఉంచమని సర్వర్ బ్రౌజర్‌కి పంపే సూచనలు) రావాలి. హెడర్లు మార్చనివ్వని స్టాటిక్ హోస్టింగ్‌లో ఒకే థ్రెడ్, నత్తనడక. క్యాప్షన్ సరిగ్గానే వస్తుంది కాబట్టి లోపం హెడర్లలో ఉందని తట్టదు.

సర్వర్ దారిలో ఫాస్ట్‌ఏపీఐ అనే పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్ వెనక బ్లిప్ బేస్ అనే క్యాప్షన్ మోడల్ పెట్టుకోవచ్చు. మోడల్‌ని ప్రతి రిక్వెస్ట్‌కీ కాదు, సర్వర్ మొదలైనప్పుడు ఒక్కసారే లోడ్ చేయాలి. 32 బిట్లలో దాని పారామీటర్లే 1 జీబీకి దగ్గర. రిక్వెస్టులు పంచుకోవడానికి నాలుగు సర్వర్ వర్కర్లు (విడివిడి ప్రాసెస్‌లు) పెడితే దేని కాపీ అది లోడ్ చేసుకుంటుంది. 4 జీబీ మెషిన్ అయితే మెమరీ చాలక ఆపరేటింగ్ సిస్టమే ప్రాసెస్‌ని చంపేస్తుంది. చిన్న మెషిన్‌కి ఒకే వర్కర్, ముందు ఒక క్యూ చాలు.

ఫోన్ ఫొటో పంపగానే 413 ఎర్రర్ (పంపింది మరీ పెద్దదని సర్వర్ తిప్పికొట్టడం) వచ్చిందా? యాప్ ముందు నిలబడే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో మనం మార్చకపోతే అప్‌లోడ్ పరిమితి 1 ఎంబీయే. దాన్ని పెంచేకన్నా బ్రౌజర్‌లోనే బొమ్మలు గీసే కాన్వాస్‌తో పొట్టి వైపు 384 పిక్సెళ్లకు తగ్గించి జేపెగ్‌గా పంపడం మేలు, బ్లిప్ ఎలాగూ 384×384కే కుదించుకుని చూస్తుంది. తగ్గించకుండా నేరుగా పంపిస్తే సర్వర్‌లో పిల్లో అనే పైథాన్ ఇమేజ్ లైబ్రరీతో ఎగ్జిఫ్ (ఫోన్ ఎటు తిరిగి ఉందో ఫొటోలో దాగి ఉండే సమాచారం) ప్రకారం ఫొటోని తిప్పడం మరవకండి. పక్కకు పడుకున్న ఫొటోకి క్యాప్షన్ కూడా తప్పుదారి పడుతుంది.

ఈ రెండు మోడళ్లూ చెప్పేది ఇంగ్లిష్‌లోనే. తెలుగు కావాలంటే అనువాద మోడల్ తోడవ్వాలి. మెటా అనువాద మోడళ్లయిన ఎన్ఎల్ఎల్‌బీలో చిన్నదానికే 60 కోట్ల పారామీటర్లు, 8 బిట్లలో మరో 600 ఎంబీ. సర్వర్‌లో అది కాస్త ఎక్కువ మెమరీ, అంతే. బ్రౌజర్‌లోనైతే మొదటి క్యాప్షన్ కనపడే ముందే 800 ఎంబీ దాటిపోతుంది. తెలుగు క్యాప్షన్లకు నా ఓటు సర్వర్‌కే.