పాలపిట్ట కోసం ఫిరంగిపురం దారిలో

ఉప్పలపాడు చెరువు చూడకపోతే గుంటూరు వైపు పక్షుల ట్రిప్పు వేశానన్నా ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఫిబ్రవరి చివరి వారంలో, ఇంకా చీకటి ఉండగానే విజయవాడలో కారు మాట్లాడుకుని, మా ఆవిడతో ముందు అక్కడికే వెళ్లాను. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు కొమ్మ కనబడకుండా కూర్చున్నాయి. గూళ్లలో పిల్లలు మేతకు ఒకటే గోల. వాసన కొట్టినా, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకి ఇంతకంటే సులువైన చోటు లేదు, బైనాక్యులర్ కూడా అక్కర్లేదు. నాకు మాత్రం అరగంట చాలింది. వెతుక్కునే పని లేకపోతే నాకు పక్షులు చూసినట్టే ఉండదు.

నేను వచ్చింది మెట్ట కోసం. పేరేచర్ల దాటి ఫిరంగిపురం చేరాక మెయిన్ రోడ్డు వదిలేసి, కొండవీడు కొండల వైపు పొలాల మధ్య దారుల్లోకి దిగాం. పత్తి ఏరేసిన చేలు, తుమ్మచెట్లు, కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. అద్దం దించితే తుమ్ములు, ఎత్తితే పక్షి కూత వినబడదు. తుమ్ములకే ఓటేశాం.

కరెంటు తీగల మీద పాలపిట్టలు ఎన్నో లెక్కపెట్టలేదు. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్టే, ఎగిరిందా, రెక్కల్లో నీలం ఒక్కసారి విచ్చుకుంటుంది. చిన్నప్పుడు దసరాకి ఒక్కటి కనబడితే చాలని ఊరి బయట తిరిగేవాళ్లం. ఉమ్మడి రాష్ట్రంలో ఇదే రాష్ట్ర పక్షి. 2018లో మనం ఆ హోదా రామచిలుకకి ఇచ్చాం. నాకింకా అలవాటు కాలేదు. బీడులో ఉత్తీతి పిట్టలు మమ్మల్ని చూసి ఊరంతటినీ లేపాయి. చలికాలానికి మధ్య ఆసియా నుంచి వచ్చే హారియర్ గద్ద ఒకటి, చేను మీద మనిషెత్తులో తేలుతూ పోయింది.

డ్రైవర్‌కి ఇదంతా విసుగు. "ఏముంది సార్ ఇక్కడ, తుమ్మచెట్లు తప్ప?" అని ఆపమన్న ప్రతిచోటా ఇంజన్ ఆన్‌లోనే ఉంచాడు. రోజు బాడుగ మాట్లాడేటప్పుడే, "ఊరికే ఆగుతుంటాం, హారన్ కొట్టకూడదు" అని చెప్పి ఒప్పించుకోండి. కారే మంచిది, బైకు ఆపి దిగేసరికి పిట్టలు లేచిపోతాయి.

పది దాటాక ఎండకి అన్నీ నీడల్లోకి పోయాయి. కొండవీడు ఘాట్ రోడ్డు బాగుంది, కోట చూడదగ్గదే, కానీ మిట్టమధ్యాహ్నం పక్షుల కోసం ఎక్కడం దండగ. సాయంత్రం ఎక్కాల్సింది.

రాత్రికి నరసరావుపేటలో ఒక లాడ్జి. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి, అద్దె తక్కువ. తెల్లారి అయిదుకి కిందికి దిగితే గేటుకి తాళం! కుర్రాణ్ణి లేపి బయటపడేసరికి తూర్పు తెల్లబడింది. గుంటూరులో గదులు మెరుగే, కానీ పొద్దున్నే ఈ దారులకి పేటే దగ్గర. తాళం సంగతి రాత్రే అడిగి పెట్టుకోండి. ఊళ్లలో ఇడ్లీ బండ్లు ఆరింటికే తెరుస్తారు, తిండికి లోటు లేదు. ఆడవాళ్లకి బాత్‌రూమ్ మాత్రం పెద్ద సమస్య. పేటలోనే చూసుకుని బయల్దేరాలి.

రెండోరోజు మలుపులో డ్రైవరే సడన్‌గా బ్రేక్ వేశాడు. "కౌజులు సార్!" ఆరు కౌజులు వరసగా రోడ్డు దాటి కంపల్లో దూరాయి. ఈసారి ఇంజన్ తనే ఆపేశాడు.