జంప్ దాటాక నీళ్లు ఏం చేస్తాయో తెలియాలంటే హెక్‌రాస్

కాలువల డిజైన్ చేసే సివిల్ వాళ్లకీ ఎం.టెక్ పిల్లలకీ గట్టిగా చెప్తున్నా, హైడ్రాలిక్ జంప్ (వేగంగా దూసుకొచ్చే నీరు ఒక్కసారిగా నెమ్మదించి లోతు పెరిగే చోటు) పని ఉంటే హెక్‌రాస్ (HEC-RAS) సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. అమెరికా ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ తయారీ, 1995 నుంచి ఉంది, పూర్తిగా ఫ్రీ.

జంప్ ఒక్కదానికే అయితే కాలిక్యులేటర్ చాలు. మీటరు వెడల్పుకి సెకనుకి 4 ఘనపు మీటర్ల నీరు 0.4 మీటర్ల లోతుతో దూసుకొస్తుంటే ఫ్రూడ్ నంబర్ (నీటి వేగం ఆ లోతులో అల వేగానికి ఎన్ని రెట్లో చెప్పే సంఖ్య) 5 పైన ఉంటుంది, జంప్ తర్వాత లోతు 2.66 మీటర్లు రావాలి. అసలు పని ఇక్కడే మొదలవుతుంది. కింద కాలువలో నార్మల్ డెప్త్ (నీరు ఒకే తీరున పారేటప్పుడు ఉండే లోతు) 2.2 మీటర్లే ఉందనుకోండి, జంప్‌ని అక్కడే ఆపేంత బలం ఆ నీటికి లేదు కాబట్టి అది కిందికి జరిగిపోతుంది, రాపిడి వల్ల వేగం తగ్గుతూ లోతు 0.54 మీటర్లకి చేరాక గానీ పడదు, అంతదూరం కాంక్రీట్ లేకపోతే అడుగు కోసుకుపోతుంది. ఆ దూరాన్ని చేత్తో తేల్చాలంటే పేజీలకి పేజీలు. హెక్‌రాస్ అయితే కింద నుంచి పైకి సబ్‌క్రిటికల్ (నెమ్మదిగా, లోతుగా పారే నీరు), పైనుంచి కిందికి సూపర్‌క్రిటికల్ (వేగంగా, పల్చగా దూసుకెళ్లే నీరు) ప్రొఫైల్ లెక్కకట్టి, ఏ సెక్షన్ దగ్గర దేని స్పెసిఫిక్ ఫోర్స్ (నీటి ఒత్తిడి, వేగం కలిసిన తోపుడు బలం) ఎక్కువో పోల్చి జంప్ ఎక్కడో చూపిస్తుంది. నాకు బాగా నచ్చింది ఇదే.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. రన్ విండోలో ముందే సబ్‌క్రిటికల్ ఎంపికై ఉంటుంది, అలాగే రన్ చేస్తే నీళ్లు దూసుకెళ్లాల్సిన చోట క్రిటికల్ డెప్త్ (ఫ్రూడ్ నంబర్ 1 అయ్యే లోతు) వేసేసి ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. రెండు రకాల ప్రవాహాన్నీ లెక్కకట్టే మిక్స్‌డ్ పెట్టి, పైనా కిందా రెండు చివర్లకీ బౌండరీ కండిషన్లు (ఆ చివర నీటి మట్టం ఎలా ఉంటుందో చెప్పే వివరాలు) ఇవ్వండి. క్రాస్ సెక్షన్లు (కాలువ అడ్డుకోత కొలతలు) 50 మీటర్లకొకటి ఉంటే జంప్ కూడా ఆ 50 మీటర్లలో ఎక్కడో ఉందనే తెలుస్తుంది, కాబట్టి మధ్యలో ఇంటర్‌పొలేట్ చేసుకోవాలి, అంటే రెండిటి మధ్య అంచనా సెక్షన్లు వేయించుకోవాలి.

లోటు ఏంటంటే, జంప్ పొడవు ఇవ్వదు. అది మనమే, జంప్ తర్వాతి లోతుకి సుమారు 6 రెట్లు, అంటే పైన చెప్పిన 2.2 మీటర్ల లోతుకి 13 మీటర్లు వేసుకోవాలి. ఇంకోటి, చాలామంది చూడనిది: జంప్ కిందికి జరిగేసరికి దాని ముందు ఫ్రూడ్ నంబర్ 5 నుంచి 3.2కి పడిపోయింది. 2.5కీ 4.5కీ మధ్య జంప్ నిలకడగా ఉండదు, దాని అలలు చాలా దూరం వెళ్లి గట్లని కొడతాయి. హెక్‌రాస్ గ్రాఫ్‌లో మాత్రం నీటి మట్టం ప్రశాంతంగా గీత గీసినట్టు ఉంటుంది! అవుట్‌పుట్ టేబుల్లో ఫ్రూడ్ నంబర్ కాలమ్ ఉంటుంది, దయచేసి అది చదవండి, గ్రాఫ్ చూసి సరిపెట్టుకోవద్దు.

కాలువ డ్రాపులకీ చిన్న చెరువు అలుగులకీ ఇది సరిపోతుంది. పోలవరం లాంటి స్పిల్‌వేకి మాత్రం పుణెలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన సంస్థ సీడబ్ల్యూపీఆర్‌ఎస్‌లో చేసినట్టు నమూనా కట్టి నీళ్లు వదిలి చూడాల్సిందే.