కటింగ్ వీల్ కొనే ముందు మధ్యలో ఉండే రింగు మీద తేదీ చూడండి

కడపలో ఇంటి పనికి కటింగ్ వీల్స్, అంటే గ్రైండర్ మిషన్‌కు బిగించి ఇనుము, బండ కోసే పలుచటి చక్రాలు కొనేవాళ్లు దయచేసి ఇది చదవండి. పోయిన ఆదివారం మా బావమరిదికి కన్ను పోవాల్సింది.

మా మిద్దె మీద కోతుల బెడద తట్టుకోలేక నీళ్ల ట్యాంకు చుట్టూ బిగిద్దామని ఎక్స్‌పాండెడ్ జాలీ తెచ్చాను, 8 బై 4 అడుగుల షీటు. ఇది అల్లిన జాలీ కాదు, వెల్డింగ్ చేసిందీ కాదు. ఒకే రేకుకు వరసగా గాట్లు పెట్టి సాగదీస్తే డైమండ్ ఆకారంలో కళ్లు, అంటే రంధ్రాలు పడతాయి. అతుకు ఉండదు కాబట్టి కోతులు ఎంత గుంజినా ఊడిరాదు. గ్రైండర్ మిషన్ ఇంట్లోనే ఉంది, వీల్స్ మాత్రం లేవు. బజార్లో ఒక షాపుకు పోతే "ఇనుముకైనా బండకైనా ఇదే సార్" అని పెట్టె కూడా లేకుండా పేపర్లో చుట్టి పది ఇచ్చాడు. రేటు తక్కువ. బండలు కోసే ఊరు కదా, ఆ మాట నాకు తేడాగా అనిపించలేదు. నిజానికి ఇనుముకు వేరు, రాయికి వేరు, వీల్ మీదే రాసి ఉంటుంది.

రెండు వీల్స్ మామూలుగానే అరిగిపోయాయి. మూడోది వేసి నాలుగైదు కళ్లు కోశానో లేదో, టప్‌మని పేలింది. ఒక ముక్క బావమరిది కళ్లజోడు అద్దానికి తగిలి పక్కకు పోయింది. ఇంకోటి పిట్టగోడ ప్లాస్టరింగ్‌లో గోరంత లోతు దిగింది. మిషన్‌కు వీల్‌ను కప్పే గార్డు ఉంది కాబట్టి నా చేతులు మిగిలాయి. నాలుగించుల వీల్ అంచు గరిష్ఠంగా సెకనుకు 80 మీటర్ల వేగం తట్టుకునేలా తయారవుతుంది, అంటే గంటకు 288 కిలోమీటర్లు. అలాంటి వేగాలతో తిరిగేది ముక్కలైతే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

చేతుల వణుకు తగ్గాక మధ్యలో ఉండే ఇనుప రింగును బొటనవేలితో తుడిచి చూశాను. నల్ల పొడి కింద నెల, సంవత్సరం అచ్చు వేసి ఉన్నాయి: 03/2021. అది గడువు తేదీ. ఈ వీల్స్‌ను అంటించే రెసిన్ తేమకు, కాలానికి బలం తగ్గిపోతుంది, అందుకే తయారైన మూడేళ్లకు గడువు వేస్తారు. మిగిలిన ఏడింటి మీదా అదే తేదీ. తిరిగి తీసుకుపోతే "మిషన్ పట్టుకోవడం రాక పగలగొట్టుకుని మమ్మల్నంటారేంది" అన్నాడు. బిల్లు అడిగితే ముందే ఇవ్వలేదు, అప్పుడూ ఇవ్వలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, వాళ్లూ మొదట బిల్లే అడిగారు. పది రూపాయల వస్తువైనా బిల్లు తీసుకోండి.

ఒక మాట ఒప్పుకోవాలి. ఈ జాలీ కోసేటప్పుడు వీల్ మీద దెబ్బ ఎక్కువే. ఒక తీగ తెగి, ఖాళీ వచ్చి, మళ్లీ తీగ తగులుతుంది. షీటు ఊగితే వీల్‌ను పట్టేస్తుంది. రెండు చెక్కల మధ్య పెట్టి, కోసే గీతకు దగ్గరగా క్లాంపులు బిగించాలి. మేము ఒక వైపే బిగించాము. అయినా మంచి వీల్ అయితే ఆ మాత్రానికి అలా ముక్కలు కాకూడదు. నాలుగించుల మిషన్‌కు గార్డు తీసేసి అయిదించుల వీల్ వేసేవాళ్లను ఎంతమందినో చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు.

మిగిలిన షీటును రేకు కత్తెరతో, ఒక్కో తీగ తెంచుకుంటూ పూర్తి చేశాము. సాయంత్రమంతా పట్టింది. ఇంటికి సరిపడే పలుచటి జాలీకి అదే నయం, దుమ్ము లేదు, నిప్పురవ్వలు లేవు. కళ్లు కలిసే ముడి దగ్గర తెంచితే అంచు మూసుకుని ఉంటుంది. తీగ మధ్యలో తెంచితే ముళ్లలా పొడుచుకొస్తాయి, ఆకురాయితో రుద్దక తప్పదు. చేతులకు తోలు గ్లౌజులు వేసుకోండి.

ఎవరి చేతికైనా దొరుకుతాయేమోనని ఆ ఏడు వీల్స్‌ను సుత్తితో పగలగొట్టేశాను. రింగులు మాత్రం డబ్బాలో దాచాను. ఈ మధ్య ఇట్లా విడిగా వీల్స్ కొన్నవాళ్లు ఇప్పుడే తీసి తేదీ చూడండి, 03/2021 ఉంటే మిషన్‌కు బిగించొద్దు.