మోర్స్ సాధన కిట్టు: అనంతపురంలో రెండు నెలల వాడకం

సరదా కోసం సొంత రేడియోతో ఇతరులను పలకరించే హ్యామ్ రేడియో పరీక్షలో రిస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ (అక్షరాలను చుక్కలు, గీతలుగా పలికించే సంకేత భాష) అక్కర్లేదు; జనరల్ గ్రేడుకు మాత్రం నిమిషానికి 8 పదాల వేగంతో వినడం, పంపడం రెండూ రావాలి. ఆ రెండో మెట్టు ఎక్కుదామనే 1,450 రూపాయలు పెట్టి ఈ కిట్టును తపాలాలో అనంతపురానికి తెప్పించుకున్నాను. పెట్టెలో సంకేతాలు కొట్టడానికి నొక్కే ఇత్తడి కీ, ఆ నొక్కుడుకు కూత పుట్టించే, మనమే సాల్డరింగ్ చేసుకోవలసిన ఆసిలేటర్ బోర్డు, చిన్న స్పీకరు ఉన్నాయి.

బోర్డు గంటలో పూర్తయింది. చిక్కంతా కీ దగ్గరే వచ్చింది. నేను మూడు చుక్కలతో ఎస్ కొడితే స్పీకరులో నాలుగు వినిపించి హెచ్ అయ్యేది. లోపం నా మణికట్టుదే అనుకుని వారం రోజులు నన్ను నేనే తిట్టుకున్నాను. గుంతకల్లు రైల్వేలో టెలిగ్రాఫ్ సిగ్నలరుగా పనిచేసి రిటైరైన మా వీధి పెద్దాయన దాన్ని రెండుసార్లు నొక్కి చూసి, "నీ చెయ్యి బాగానే ఉంది నాయనా, స్ప్రింగే వదులు" అన్నారు. స్ప్రింగు బిగించి, నొక్కినప్పుడు తగులుకునే కాంటాక్టుల సందును పోస్టుకార్డు మందానికి తగ్గించి, వాటి నడుమ తెల్ల కాగితం పెట్టి లాగితే మురికి నల్లటి గీతగా వచ్చేసింది. ఆ తర్వాత ఎస్ ఎస్‌గానే పలికింది. ఈ నాలుగు ముక్కలూ ఒక చీటీ మీద అచ్చువేసి పెట్టెలో పెట్టడానికి అమ్మినవారికి ఏమంత ఖర్చు?

ఇక ఈ కాలంలో మోర్స్ ఎందుకనే వాదన ఉండనే ఉంది. 2003లో అంతర్జాతీయ నిబంధనలు హ్యామ్‌లకు మోర్స్ పరీక్షను ఆయా దేశాల ఇష్టానికి వదిలేశాయి, 2007లో అమెరికా తీసేసింది, మన టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ఆగిపోయింది. 2017లో వచ్చిన ఎఫ్‌టి8 పద్ధతిలో చెవికి అందని సంకేతాన్ని సైతం కంప్యూటరు పట్టేస్తుంది కనుక, బలహీన సంకేతాల్లో మోర్స్‌దే పైచేయి అనే పాత మాట ఇప్పుడు చెల్లదు. మోర్స్ రానివాడు హ్యామే కాడనే పట్టుదలా నాకు నచ్చదు. అయితే రేడియో తరంగాల్లో మాటకు రెండున్నర కిలోహెర్ట్జ్ దాకా వెడల్పు కావలసిన చోట మోర్స్‌కు ఇంచుమించు 150 హెర్ట్జ్ చాలు. పైగా అర్థం చేసుకోవడానికి కంప్యూటరుతో పనిలేదు. మొన్న కరెంటు పోయి చుట్టుపక్కల ఇళ్ల రొద అణిగిన రాత్రి, బ్యాటరీతో నడిచే రిసీవరులో 7 మెగాహెర్ట్జ్ మీద "డా-డి-డా-డిట్, డా-డా-డి-డా" అని ఎవరో సీక్యూ (ఎవరైనా జవాబివ్వండి అనే పిలుపు) పిలవడం కాగితం, పెన్ను లేకుండానే నాకు తెలిసిపోయింది.

స్క్రూడ్రైవరు పట్టే ఓపిక ఉన్నవారు నిస్సంకోచంగా కొనవచ్చు. లేనివారు కీని విడిగా, చేతితో నొక్కి చూసి కొనుక్కోవడం మేలు. స్పీకరుకు శబ్దం తగ్గించే ఏర్పాటు లేదు; రాత్రి పది దాటాక దాని మీద తువ్వాలు కప్పి సాధన చేస్తున్నాను.