పగిలిన స్వామిని ఒళ్ళో పెట్టుకుని మాధవమాలకు

పోయినేడు తిరుపతిలో ఒక షాపులో రెండడుగుల కొయ్య వేంకటేశ్వరస్వామి విగ్రహం 9,500 పెట్టి కొన్నాం. పాత టేకు, వందేళ్ళైనా చెక్కుచెదరదన్నాడు. హైదరాబాద్ తెచ్చిన నాలుగో నెలకే కిరీటం నుంచి ఛాతీ దాకా పగులిచ్చింది, గోరు దూరేంత. పీట మీద రోజూ పిండిలా పొడి. అపశకునమని అత్తయ్య రెండు రోజులు సరిగ్గా అన్నం కూడా తినలేదు.

ఈసారి తిరుమల వెళ్తూ స్వామిని పాత చీరలో చుట్టి వెంట తీసుకెళ్ళాం. దర్శనం, గది, భోజనం అన్నీ బాగానే జరిగాయి. ఆ షాపుకి వెళ్తే మాత్రం, బిల్లు చూపించినా "మీరు నీళ్ళు పోసుంటారు, మేమేం చేస్తాం" అన్నాడు. అంత పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉంటే కూర్చోమని కూడా అనలేదు. అది నాకు డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధనిపించింది.

హోటల్ దగ్గర కారు డ్రైవరు, శ్రీకాళహస్తి దారిలో ఏర్పేడు దగ్గర మాధవమాల ఉంది, ఊరంతా చెక్కేవాళ్ళే, అక్కడ చూపించండమ్మా అన్నాడు. రానూపోనూ 1,800. మావారు దారంతా ముభావంగానే ఉన్నారు, ఇంకో ఖర్చు ఎందుకని.

అక్కడ ఒక పెద్దాయన విగ్రహాన్ని తలకిందులు చేసి, అడుగున రంగు కొద్దిగా గీకి చూపించారు. ఎర్రగా గట్టిగా ఉండే చేవ పిడికెడంత, చుట్టూ అంతా బెరడు పక్కనుండే తెల్లచెక్క. పొడి రాలేది అక్కడే, పుచ్చు పట్టింది. పైగా మాను నడిమధ్య భాగం విగ్రహంలోనే ఉండిపోయింది, అలాంటిది ఆరేకొద్దీ పగలక తప్పదు, మీ తప్పేం లేదమ్మా అన్నారు. అత్తయ్య ముఖం అప్పుడు చూడాలి.

వెంటనే ఆవిడ అడిగారు: "కంచిలో అత్తిచెక్కతో చేసిన వరదరాజస్వామి 40 ఏళ్ళు నీళ్ళలోనే ఉంటాడు కదా నాయనా, 2019లో బయటికి తీసినప్పుడు కళ్ళారా చూశాను, మరి మేం శుక్రవారం అభిషేకం చేస్తే తప్పా?" ఆయన చెప్పిన మాట నేను మర్చిపోలేను. ఎప్పుడూ నీళ్ళలోనే ఉన్న చెక్క వేరు, తడిసి ఆరి మళ్ళీ తడిసే చెక్క వేరు పెద్దమ్మా, తడిసినప్పుడు ఉబ్బి ఆరినప్పుడు కుంచించుకుని అదే చీలిపోతుంది. అభిషేకం చిన్న పంచలోహ విగ్రహానికి చేసుకోండి. ఈ స్వామికి పొడిగుడ్డ, సందుల్లో దుమ్ముకి మెత్తని బ్రష్షు చాలు. దీపం మూరెడు దూరంలో పెట్టండి. ఎండా ఏసీ గాలీ తగలనివ్వద్దు.

పుచ్చుకి మందు పట్టించి, పగుల్లో సన్నటి టేకు ముక్క దింపి, రంగు కలిపేసరికి మూడు గంటలు పట్టింది. తీసుకున్నది 800. మావారు ఫోన్ పక్కన పడేసి ఉలి పని చూస్తూ కూర్చుండిపోయారు.

కొనేవాళ్ళు రంగు వేయకముందే చూసి కొనండి, రంగు వేసి సిద్ధంగా ఉన్నదాన్ని నమ్మొద్దు. మేం అక్కడే అడుగున్నర లక్ష్మీదేవికి 12,000 మాట్లాడుకుని, 3,000 అడ్వాన్స్ ఇచ్చాం. దుంగ చూపించి, ఇది ఇంకా ఆరాలి, సంక్రాంతి దాటాక రండి అన్నారు.