పద్మినికి పాత పెట్రోలు పంపే సరి: ఏళ్ల తరబడి వాడి చెప్తున్న మాట

నా బండి 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని, అందరూ ఫియట్ అని పిలిచే పాత కారు. 1089 సీసీ ఇంజిను, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు వగైరా అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పదలచుకున్నది ఇంజిను పక్కన రెండు బోల్టులతో బిగించి ఉండే ఆ చిన్న మెకానికల్ పెట్రోలు పంపు గురించే. ట్యాంకులోని పెట్రోలును తోడి ఇంజినుకు అందించేది అదే. హైదరాబాద్‌లో పాత ఫియట్ ఉన్నవాళ్లలో "దాన్ని పీకేసి ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకో" అన్న సలహా విననివాళ్లు ఉండరు. నాకు మాత్రం బండి మొత్తంలో అత్యంత ఇష్టమైన భాగం అదే.

ఇష్టం మొదటి రోజు నుంచీ లేదు. బండి కొన్న కొత్తలో ఎండాకాలం వచ్చిందంటే టెన్షన్. పొద్దున చక్కగా స్టార్టయ్యేది, ఖాళీ రోడ్డు మీద హాయిగా పోయేది. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే మాత్రం దగ్గి దగ్గి ఆగిపోయేది. ఒక మే నెలలో మామయ్యను ఆస్పత్రిలో చూపించి తీసుకొస్తుంటే బేగంపేట ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆగింది. వెనక బస్సు హారన్, పక్కన మామయ్య చెమటలు. సెల్ఫ్ కొడితే ఇంజిను తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. బానెట్ ఎత్తి నిలబడితే ఒక పెద్దవయసు ఆటో డ్రైవర్ బండి పక్కకు ఆపి వచ్చాడు. "పెట్రోలు ఆవిరైతున్నది సార్. పంపు మీద తడిగుడ్డ ఎయ్యుండ్రి, కొద్దిసేపు ఆగుండ్రి" అన్నాడు. మామయ్య తాగే నీళ్లే గుడ్డ మీద పోశాం. గుడ్డ మీంచి ఆవిరి లేచింది. కాసేపటికి పంపు కింద ఉండే చిన్న లివర్‌ను చేత్తో నొక్కాడు. మొదట ఖాళీగా ఆడింది, తర్వాత వేలికి బరువు తగిలింది. "ఇగ పెట్రోలు వచ్చింది, కొట్టుండ్రి" అన్నాడు. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది.

పంపు ద్రవాన్నే తోడగలదు, ఆవిరిని నెట్టలేదు. పంపు వేడెక్కి లోపలి పెట్రోలు ఆవిరైతే, పెట్రోలును గాలితో కలిపి ఇంజినుకిచ్చే కార్బురేటర్ గిన్నె ఖాళీ అవుతుంది, ఇంజిను ఆగుతుంది. ఆగాక ఫ్యాను గాలీ ఉండదు కాబట్టి వేడి ఇంకా పెరుగుతుంది. పేరున్న ఒక గ్యారేజీలో చూపిస్తే బానెట్ పూర్తిగా ఎత్తకుండానే "ఈ బండ్లన్నీ ఇంతే, ఎలక్ట్రిక్ పంపు ఒక్కటే మందు" అని తేల్చేశారు. నాకు మనసొప్పలేదు. ఇదే పంపుతో ఈ బండ్లు బొంబాయి టాక్సీలుగా దశాబ్దాల పాటు ఎండలో, ట్రాఫిక్‌లో తిరిగాయి కదా!

జవాబు ముషీరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర దొరికింది. ఆయన పంపు విప్పి, అది కూర్చునే చోట వేలు పెట్టి చూసి, "ఇక్కడ ఉండాల్సిన మోటు ప్యాకింగ్ ఏది సాబ్?" అన్నారు. ఇంజిను బ్లాకుకూ పంపుకూ మధ్య మందపాటి బేకలైట్ (గట్టి ప్లాస్టిక్ లాంటిది) ముక్క ఉండాలట. బ్లాకు వేడి పంపుకు ఎక్కకుండా అడ్డుపడేది అదే. ఇంజిను పంపును ఒక్కోసారి ఎంత దూరం తోస్తుందన్నది కూడా దాని మందాన్ని బట్టే ఉంటుంది. నా బండిలో దాని బదులు ఎవరో ఎప్పుడో పేపరు ప్యాకింగ్ కోసి సరిపెట్టారు. పుత్లీబౌలీలో పాత స్పేర్లు అమ్మే కొట్టులో ఆ ముక్క దొరికింది. గోధుమ రంగు, అంచుల్లో చిన్న చిట్లు, ధర భోజనం ఖర్చంత కూడా లేదు. మరుసటి వేసవి అదే ఫ్లైఓవర్, అదే ఎండ. బండి నిలకడగా ఐడిలింగ్‌లో నిలబడి ఉంటే నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

ఎలక్ట్రిక్ పంపు పెట్టించిన మిత్రుడి బండిలో కార్బురేటర్ పొంగి బానెట్ కింద పెట్రోలు వాసన వచ్చేది. సోలెక్స్ కార్బురేటర్‌కు చాలా తక్కువ ఒత్తిడి చాలు, ఎక్కువైతే గిన్నె నిండాక పెట్రోలును ఆపే లోపలి సూది ఆపలేదు. పైగా మెకానికల్ పంపు ఇంజిను ఆగితే తనూ ఆగిపోతుంది. ఎలక్ట్రిక్ దానికి ఆ పని చేసే ప్రత్యేక స్విచ్ పెట్టకపోతే, ప్రమాదం జరిగి ఇంజిను ఆగినా అది పెట్రోలు తోస్తూనే ఉంటుంది.

అలాగని పంపు పూర్తిగా పాతదే అనను. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పంపులోని పాత రబ్బరు పొర (డయాఫ్రమ్) ఉబ్బి చెడిపోయింది. ఇథనాల్‌ను తట్టుకునే డయాఫ్రమ్, అలాంటిదే వైటాన్ అనే రబ్బరు పైపులు వేయించాను. ఐకియా ముందు జామ్‌లో గంటకు పైగా నిలబడిన రోజు ఒకసారి మళ్లీ దగ్గింది కూడా. డిక్కీలో నీళ్ల సీసా, గుడ్డ ఇప్పటికీ ఉంటాయి. హెడ్‌లైట్లకు రిలే, ముందు సీట్లకు బెల్టులు పెట్టించాను. నాలుగు చక్రాల డ్రమ్ బ్రేకులు అలాగే ఉంచాను కానీ, వానాకాలం మోకాలి లోతు నీళ్లు దాటాక అవి పట్టవు. కాస్త దూరం బ్రేకు మీద కాలు ఆనించి నడిపి ఆరబెట్టాలి. వాన రోజుల్లో కుటుంబాన్ని ఎక్కించుకుని బయటికి తీయను.

ఒరిజినల్‌గా ఉంచడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు ఉండకూడదు. నా బండికి 2028లో ఆ వయసొస్తుంది. అయితే వింటేజ్ బండ్లకిచ్చే ఆ 'వీఏ' నంబరు తీసుకుంటే రోజువారీగా తిప్పకూడదు. చౌమహల్లాలో ఉన్న నిజాంల 1912 రోల్స్ రాయిస్‌కు ఆ బతుకు సరిపోతుంది. నాకేమో ఆదివారం పొద్దున ట్యాంక్‌బండ్ మీదుగా ఈ బండిలో వెళ్లాలి. ఇంకా తేల్చుకోలేదు.

నాకు ఆఫీసుకు వేరే కారు ఉంది, ఇల్లు పద్మారావునగర్‌లో, ఉస్తాద్ దగ్గర్లోనే. అందుకే ఇది నాకు కుదిరింది. రోజూ గచ్చిబౌలి దాకా ఇదే బండిలో వెళ్లాల్సినవాళ్లు సరైన తక్కువ ఒత్తిడి పంపు, ఆపే స్విచ్ పెట్టించుకుంటే నేను కాదనను. కాకపోతే పాత పంపు, దాని బేకలైట్ ముక్క పారేయకుండా డబ్బాలో దాచుకోండి. పాత ఫియట్ కొనడానికి వెళ్తే మాత్రం పెయింటు కంటే ముందు టార్చి వేసి పంపుకూ బ్లాకుకూ మధ్య ఆ గోధుమ రంగు ముక్క ఉందో లేదో చూడండి.