యాష్ చెట్టుకు రక్ష: మందా, కందిరీగా?

2002లో అమెరికాలోని డెట్రాయిట్ పరిసరాల్లో బయటపడిన ఎమరాల్డ్ యాష్ బోరర్ కోట్లాది యాష్ చెట్లను బలిగొంది. ఆసియా నుంచి వచ్చిన ఈ పెంకుపురుగు లార్వాలు బెరడు కింద తొలిచి, చెట్టుకు ఆహారం అందే దారిని తెంచేస్తాయి.

మానులోకి ఎమామెక్టిన్ బెంజోయేట్ మందు ఎక్కిస్తే రెండు మూడేళ్లు రక్షణ ఉంటుంది. వీధిలో నీడనిచ్చే పెద్ద చెట్టుకు నేనైతే దీన్నే ఎంచుకుంటాను. కానీ అడవిలో ఎన్ని చెట్లకని ఎక్కిస్తాం?

అక్కడ 2007 నుంచి వదులుతున్న, మనుషులను కుట్టని చిట్టి చైనా కందిరీగలే దిక్కు. ఒక రకం ఆ పురుగు గుడ్లలో, మరో రకం లార్వాలలో తమ గుడ్లు పెట్టి చంపుతాయి. లార్వాలను వేటాడే టెట్రాస్టికస్ మందపాటి బెరడును ఛేదించలేదు. పెద్ద మానులను అది కాపాడలేకపోయినా, మిషిగన్ అడవుల్లో లేత యాష్ చెట్లను నిలబెడుతోంది.